మంచాన పడని వంశం

మా నాన్నవైపు వాళ్ల గురించి మా ఇంట్లో చెప్పుకునే మాట ఒక్కటే. ఆ వంశంలో ఎవరూ మంచాన పడి పోలేదు. మరి ఎలా పోయారని అడిగితే మాత్రం మా అమ్మ లేచి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది. నేను కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటాను. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఊరందరి చేతా చీవాట్లు తినడం, తిరిగి నాలుగు అంటించడం నా ఉద్యోగం. "కరెంటు పోయింది" అని ఎవడైనా గొంతు చించుకుంటే నేను అడిగే మొదటి ప్రశ్న, "మీ ఒక్కింట్లోనేనా, వరసగా అందరికీనా?" ఒక్కింట్లో అయితే ఫ్యూజు. వరసగా పోతే లైను. ఎంత మొండివాడి నోటినుంచైనా విషయం రాబట్టగలను గానీ, అమ్మ దగ్గర నా పప్పులు ఉడకవు.

ఈసారి అడగక తప్పలేదు, ఎందుకంటే మా పిల్ల పడిపోయింది. పిల్ల అంటున్నానే గానీ కాలేజీలో చేరింది. మైదానంలో దాన్ని అందరూ బుల్లెట్ అంటారు, ఇంట్లోనూ అదే పేరు ఖాయమైపోయింది. పరుగు పందెంలో దాని వీపు చూసినవాళ్లే తప్ప మొహం చూసినవాళ్లు లేరు. అలాంటిది మొన్నామధ్య పందెం గెలిచి, గీత దాటి, నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. కాసేపటికి తనే లేచి కూర్చుని "ఏంటి, అందరూ నన్నే చూస్తున్నారు?" అందట. ఎండదెబ్బ అన్నాడు కోచ్. నేనూ సరే అనుకున్నాను. మళ్లీ కొన్నాళ్లకు బస్సు కోసం పరుగెత్తి, ఫుట్‌బోర్డు మీద కాలు పెడుతూ పడిపోయింది. ఆ కబురు వినగానే కౌంటరు మూసేసి, దాన్ని ఆసుపత్రికి లాక్కెళ్లాను.

గుండె డాక్టరు చిన్నావిడే. ఆసుపత్రి మొత్తం మీద మెల్లగా మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. మా పిల్ల గుండె గీతల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"లయలో చిన్న తేడా కనబడీ కనబడనట్టుంది. ఉందని గట్టిగా చెప్పలేను, లేదనీ చెప్పలేను. ఇలాంటివి కొన్ని కుటుంబాల్లో వస్తుంటాయమ్మా. మీవైపు గానీ మీవారివైపు గానీ, చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"తెలీదండీ."

"కనుక్కోండి. దాన్నిబట్టే నేను ఏదో ఒకటి తేల్చాలి."

మా పిల్ల మధ్యలో దూరింది. "డాక్టర్ గారూ, ఆదివారం సెలక్షన్స్ ఉన్నాయి. ఫిట్‌నెస్ కాగితం మీద మీ సంతకం ఉంటేనే ట్రాక్ మీదికి రానిస్తారు."

"ముందు అమ్మని కనుక్కుని రానీ. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే అప్పుడు ఆలోచిస్తాను."

ఆలోచిస్తాననే అంది. మా పిల్ల దాన్ని సంతకం పెడతానన్నట్టే తీసుకుంది. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే తీసుకున్నాను.

ఓడలో వంట చేసే మా ఆయనకు ఫోన్ చేశాను. వాళ్లవైపు అందరూ పళ్లూడి, చెవులు పోయి, కోడళ్ల ప్రాణాలు తోడేసి, చివరికి తమకే విసుగొచ్చి పోయినవాళ్లట. అమ్మవైపూ అంతే. ఇక మిగిలింది మా నాన్నవైపు. నాన్న పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు. ఆ వెంటనే ఆ వైపు వాళ్లు అమ్మతో మాటలు మానేశారు, రాకపోకలూ లేవు. ఇప్పుడు అడుగుదామన్నా ఎవరు ఎక్కడున్నారో తెలియదు.

"అమ్మా, నాన్న ఎలా పోయాడు?" అని ఆ సాయంత్రమే అడిగాను.

"స్కూటర్ మీంచి పడి."

"అది తెలుసు. ఎలా పడ్డాడు?"

"పడ్డాడు."

"తాతయ్య? పెదనాన్న?"

"పోయినవాళ్లని ఇప్పుడు తవ్వి తలకెత్తుకోవడం దేనికే?" అని లేచింది.

"నీ మనవరాలి ప్రాణమమ్మా! సరదాకి అడుగుతున్నానా?" అని అరిచాను. నేను అరిస్తే పక్కింటివాళ్లు టీవీ సౌండు పెంచుకుంటారు. అమ్మ కొళాయి తిప్పుకుంది.

అప్పుడే నాకు పాత పేపర్లు గుర్తొచ్చాయి. మా ఊళ్లో ఒక సాయంకాలం పేపరు ఉండేది, ఇప్పుడు మూతపడింది. దాని చివరి పేజీలో మరణవార్తలకు ఒక మూల. ఊరివాళ్లయితే చాలు, ఉచితంగా వేసేవాళ్లు. రాసేది ఇంటివాళ్లే, పేపరువాళ్లు అక్షరం మార్చేవాళ్లు కారు. అందుకే అందులో పోయినవాళ్లందరూ దేవుళ్లే. మా నాన్న పోతే ఆయనవైపు వాళ్లు రాసి పంపకుండా ఉండి ఉండరు.

లైబ్రరీ మేడమీద పాత పేపర్ల గది. సంవత్సరానికి ఇన్నని అట్టలు కట్టి, ఇనుప బీరువాల్లో పేర్చిపెట్టారు. దాన్ని చూసుకునే పెద్దాయన్ని అందరూ తుమ్ముల మాస్టారు అంటారు. ముక్కుకు రుమాలు కట్టుకుని ఉంటాడు. అయినా అట్ట తెరిచినప్పుడల్లా తుమ్ముతాడు, తుమ్మి తనకు తనే "చిరంజీవ" అనుకుంటాడు. నాన్న పోయిన తేదీ ఆయన ఉద్యోగం కాగితాల్లో ఉంది. ఆ మర్నాటి పేపరు నాలుగుసార్లు తిరగేశాను. ఏమీ లేదు.

"అంత తొందరగా వేయరమ్మా," అన్నాడు మాస్టారు. "ఇంటివాళ్లు ఏడవాలి, తేరుకోవాలి, ఫొటో వెతకాలి, రాసి పంపాలి. ఇంకా ముందుకెళ్లి చూడండి. పేజీ పై మూల పట్టుకుని తిప్పండి, ఆ చింపుడు చూడలేక చస్తున్నా."

ముందుకెళ్లాను. వంటనూనె ప్రకటనకీ సైకిళ్ల కొట్టు ప్రకటనకీ మధ్యన, యూనిఫాం టోపీ పెట్టుకుని, కింద అచ్చువేసిన పేరుతో, మా నాన్న నా వంక చూస్తున్నాడు. ఇప్పటి నాకంటే ఎంతో చిన్నవాడు. కనుబొమలు మా బుల్లెట్‌వే. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు, అమ్మ ఉంచలేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. మాస్టారు చూసీ చూడనట్టు ఇంకో బీరువా వైపు వెళ్లిపోయాడు.

కళ్లు తుడుచుకుని చదివాను. "సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి బస్సుకు ఒక్క గీత పడనివ్వని మనిషి. ప్రమాదరహిత డ్రైవింగుకు రెండుసార్లు పతకం పొందినవాడు. పట్టపగలు, ఖాళీ రోడ్డు మీద, ప్రమాదవశాత్తు స్కూటరు గోడకు తగిలి అసువులు బాశాడు. నీట మునిగిన అన్న వెనకే, ఏడాది తిరక్కుండా వెళ్లిపోయాడు. భార్య, కుమార్తె ఉన్నారు." ఆ కుమార్తెను నేను. పేరు కూడా వేయలేదు మహానుభావులు.

ఏడాదిలోపు అన్నారు కాబట్టి దానికి ముందరి అట్ట అడిగాను. మాస్టారు తుమ్మి, చిరంజీవ అనుకుని, తెచ్చి ఇచ్చాడు. పెదనాన్న దొరికాడు. "ఈ ఊరి పిల్లల్లో సగం మందికి ఈత నేర్పిన చేతులివి. మున్సిపల్ ఈతకొలనులో, చిన్నపిల్లలకు నేర్పేవైపు, నడుములోతు నీళ్లలో ప్రమాదవశాత్తు మునిగి మాకు దూరమయ్యాడు." ఆయన వార్తలో తాతయ్య పోయిన సంవత్సరం ఉంది. ఆ అట్టా తెప్పించాను. "మేడలకు రంగులు వేయడంలో సాటిలేని మేటి. నిచ్చెన మీదే పుట్టాడని పేరు. సొంత ఇంటి గోడకు సున్నం వేస్తూ, నాలుగో మెట్టు మీదనుంచి ప్రమాదవశాత్తు జారి పరమపదించాడు. ఏనాడూ మందుబిళ్ల ఎరుగడు, మంచాన పడి ఎరుగడు." ముగ్గురిలో ఏ ఒక్కరికీ యాభై నిండలేదు.

మూడూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. గోడ, నీళ్లు, నిచ్చెన. గుండెపోటు అన్న మాట ఎక్కడా లేదు. ఆయాసం లేదు, ఆసుపత్రి లేదు. నాకు ఎంత సంతోషమైందంటే నవ్వు ఆగలేదు.

"ఏమ్మా, చావు కబుర్లు చదివి నవ్వుతున్నారేంటి?" అన్నాడు మాస్టారు బీరువా వెనకనుంచి.

"అందరూ యాక్సిడెంట్లలోనే పోయారండీ! ఒక్కళ్లకీ గుండె జబ్బు లేదు!"

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "అయితే మంచిదేలెండి," అన్నాడు. అంతకంటే ఏమంటాడు పాపం. నేను ఫోన్‌తో మూడింటికీ ఫొటోలు తీసుకుని, మెట్లు దిగుతూనే పిల్లకు ఫోన్ చేశాను. అది పెట్టిన కేకకు నా చెవి గింగురుమంది. మంచాన పడని వంశం మాది, వెతికితే మాత్రం జబ్బు ఎక్కడినుంచి వస్తుంది అనుకుంటూ ఆఫీసుకు పోయాను. ఆ రోజు కౌంటర్లో ఎవర్నీ తిట్టలేదు.

మర్నాడు మా పిల్ల పరుగు బూట్లతోనే ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు దగ్గర్నుంచి నేరుగా గ్రౌండుకే పోతానంది. మా వంతు రావడం ఆలస్యమవుతోందని బయట టోకెన్లు ఇచ్చేవాడితో నేనొక రౌండు గొడవ వేసుకున్నాను. లోపలికి వెళ్లి, పరీక్షలో ఫస్టు మార్కు వచ్చినదానిలా ఫోన్ ఆవిడ చేతికిచ్చాను.

"చూసుకోండి డాక్టర్ గారూ. అన్నీ ప్రమాదాలే."

ఆవిడ చదివింది. ఫొటో పెద్దది చేసి మళ్లీ చదివింది. "మీ పెదనాన్నగారు ఈత నేర్పేవారా?"

"సగం ఊరికి నేర్పాడండీ," అన్నాను గర్వంగా.

"నడుములోతు నీళ్లలో పోయారు."

"అవునండీ."

"నాన్నగారు ఎప్పుడూ యాక్సిడెంట్ చేయని డ్రైవరు. ఎదురుగా బండి గానీ మనిషి గానీ వచ్చినట్టు రాయలేదు."

"ఖాళీ రోడ్డని రాశారుగా."

"తాతగారు నాలుగో మెట్టు మీంచి," అని ఆవిడ ఫోన్ బల్ల మీద మెల్లగా పెట్టింది. "ఎవరూ చేతకాని పనిలో పోలేదమ్మా. ముగ్గురూ బాగా చేతనైన పనిలోనే పోయారు."

అప్పటికీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆవిడే చెప్పింది. "గుండె కాసేపు లయ తప్పితే మనిషికి స్పృహ పోతుంది. నేలమీద ఉంటే పడి లేస్తాడు, మీ అమ్మాయిలాగ. అదీ అదృష్టం బాగుంటేనే. నీళ్లలో ఉంటే లేవడు. నిచ్చెన మీదో, స్కూటర్ మీదో ఉన్నప్పుడు అది జరిగితే, చూసేవాళ్లకు ప్రమాదంలాగే ఉంటుంది."

ఒక్కింట్లో అయితే ఫ్యూజు, వరసగా పోతే లైను. రోజుకు వందమందిని అడిగే ప్రశ్న, మూడు చావులు పక్కపక్కన పెట్టుకుని కూడా నన్ను నేను అడుక్కోలేదు. పైగా నవ్వాను. అక్కడే చెంపలు వాయించుకోవాలనిపించింది.

నన్నూ బల్ల మీద పడుకోబెట్టి గుండె గీతలు తీశారు. మా పిల్లకు కనబడీ కనబడని తేడా నా కాగితంలో బాగానే కనబడుతోందట. "మరి నేనింతకాలం ఎలా బతికానండీ?" అన్నాను. "అందరికీ ఒకేలా ఉండదు. మీరు ఎప్పుడైనా పరుగులు, ఈతలు..." అంది ఆవిడ. నేను జన్మలో బస్సుకోసం కూడా పరుగెత్తలేదు. ఆగకపోతే డ్రైవర్ని తిట్టడమే.

"మాత్రలు ఉన్నాయి," అంది డాక్టరు మా పిల్ల వైపు తిరిగి. "రోజూ వేసుకుంటే నిండు నూరేళ్లూ బతుకుతావు. నడవొచ్చు, చదువుకోవచ్చు, అన్నీ చేయొచ్చు. పందేలు మాత్రం వద్దు. ఈత వద్దు. ఆదివారం కాగితం మీద నేను సంతకం పెట్టలేనమ్మా." తర్వాత నా వైపు చూసి గొంతు ఇంకా తగ్గించింది. "ఒక్కసారిగా ఉలిక్కిపడటం, పెద్ద గొడవ, పట్టరాని కోపం, దుఃఖం, ఇవి కూడా కొందరికి పడవు. ఇంట్లో కొంచెం చూసుకోండి." బయట నేను టోకెన్లవాడితో వేసుకున్న రౌండు లోపలికి వినిపించే ఉంటుంది.

బస్సులో మా పిల్ల కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. మా వీధి మలుపు దగ్గర ఇటు తిరిగింది.

"నువ్వా పేపర్లు చూడకపోయుంటే ఆదివారం నేను పరుగెత్తేదాన్ని," అంది.

"పరుగెత్తి?"

"గెలిచేదాన్ని."

ఇంటికి రాగానే తన గదిలోకి పోయి తలుపు ధడేల్మని వేసుకుంది. ఆ చప్పుడుకు నా గుండె నోట్లోకొచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసింది, ఏమైందని అడగలేదు. లయ తప్పే గుండె సంగతి, డాక్టరు సంతకం పెట్టనన్న సంగతి నేనే చెప్పాను. చెబుతుంటే నాకు కోపం తన్నుకొచ్చింది. ఈవిడ నోరు విప్పి ఉంటే పిల్ల మొదటిసారి పడ్డప్పుడే తెలిసేది కదా! ఫోన్లో నాన్న ఫొటో తీసి ఆవిడ ముందు పెట్టాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంటూ చదివింది. "పతకాల సంగతి కూడా రాశారా," అంది. తర్వాత చాలాసేపు ఆ టోపీ మీదే వేలు ఆనించి ఉంచింది.

"ఆ పొద్దున గొడవపడ్డామే. దేనికో కూడా గుర్తులేదిప్పుడు. నీ మొహం మళ్లీ నాకు చూపించకు అన్నాను. తలుపు వేసేసుకున్నాను. ఆయన స్కూటర్ తీసుకుని వెళ్లాడు." కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఖాళీ రోడ్డు. పతకాలు తెచ్చుకున్న మనిషి. అంత గోడ కనబడలేదా? వాళ్లవాళ్లు నన్ను నిలదీసి అదే అడిగారు. ఏమన్నావు వాణ్ని, అని. నేను దాచలేదు, అన్నమాట అన్నట్టే చెప్పేశాను. ఆ రోజునుంచి మన గుమ్మం తొక్కలేదు వాళ్లు."

"అమ్మా..."

"కావాలనే గోడకు కొట్టుకున్నాడనుకున్నానే ఇన్నాళ్లూ. నీకేమని చెప్పను? మీ నాన్నని నేనే చంపానని చెప్పనా?"

నా కోపం ఏమైపోయిందో తెలియదు. ఇన్నేళ్లూ కడిగిన గిన్నెలే కడుగుతూ ఈవిడ ఏం మోస్తోందో ఒక్కసారి కూడా ఊహించలేదు నేను. పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి.

"అయితే నా మాటకు కాదా?" అని అడిగింది, చిన్నపిల్లలా నా మొహంలోకి చూస్తూ. "గుండె వల్లేనా?"

పెద్ద గొడవ, పట్టరాని కోపం, దుఃఖం కూడా కొందరికి పడవు అన్న డాక్టరు మాట నా నాలుక మీదే ఉంది. ఉన్నది ఉన్నట్టు మొహం మీద అనేయడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని మింగేశాను.

"నీ మాటకు కాదమ్మా. గుండె వల్లే. నువ్వు నవ్వుతూ సాగనంపినా పోయేవాడే."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ ఏడవడం చూడటం అదే మొదలు.

అంతలో గది తలుపు తెరుచుకుంది. మా పిల్ల బయటికి వచ్చింది. బూట్లు విప్పనే లేదు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"గ్రౌండుకు వెళ్తున్నా," అంది.

"ఏమన్నావ్?"

"ఆదివారం వద్దన్నారుగా. ఇవాళ పరుగెత్తుతా. ఒక్క రౌండు. ఏమవుతుందో నేనే చూస్తా."

నేను ఒక్క ఉదుటున లేచాను. అరుపు గొంతుదాకా వచ్చేసింది. అది మామూలు అరుపు కాదు, వీధి చివరి స్తంభం దాకా వినిపించేది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత పట్టు ఎక్కడిదో.

"అరవకే," అంది మెల్లగా. "దాని మీద అరవకు. నేను అరిచినట్టు అరవకు."

నేను అమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ నా కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపింది. నేను చెప్పిన అబద్ధం ఆవిడ దగ్గర ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

నాకు మెల్లగా మాట్లాడటం రాదు. వెళ్లి గుమ్మంలో, గడపకు అడ్డంగా, నేలమీద చతికిలబడ్డాను. మా పిల్ల నన్ను దాటలేక ఆగిపోయింది. దాని కుడికాలి బూటు నా ఒళ్లోకి తీసుకుని లేసు ముడి వెతికాను. రెండు ముళ్లు వేసుకుంది, ఓ పట్టాన రావడం లేదు.

"వదులమ్మా."

నేను ముడిని గోటితో లాగుతూనే ఉన్నాను.

"తిట్టు! ఎందుకు తిట్టట్లేదు? రోజూ తిడతావుగా! అరవవేం!" అంది అది, ఏడుపు గొంతుతో.

"ఇంక తిట్టను తల్లీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కూర్చో."

అది గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. అమ్మ వచ్చి రెండో కాలి దగ్గర కూర్చుని, ఆ ముడి తను విప్పడం మొదలుపెట్టింది.